మంగళవారం మాహిష్మతికి

ఆత్రేయపురం నుంచి ఇంటిల్లిపాదీ ఫిల్మ్‌సిటీకి బయల్దేరాలంటే డబ్బు సమకూరడం ఒక ఎత్తు, తేదీ కుదరడం పది ఎత్తులు

ఆత్రేయపురంలో పిల్లలు ‘ఫిల్మ్‌సిటీకి ఎప్పుడెళ్దాం?’ అని అడిగితే పెద్దవాళ్ల చూపు ముందు గోడమీది కేలండర్ మీదికి పోతుంది. ఊరు బతికేదే ఇతరుల పండగల మీద మరి. పెళ్లిళ్ల కాలమొస్తే పూతరేకుల ఆర్డర్లు, సంక్రాంతికి అల్లుళ్లకు పెట్టెలు, దసరాకి, దీపావళికి కొరియర్లు, వేసవిలో అమెరికా తిరిగెళ్లేవాళ్ల సూట్‌కేసుల్లోకి డబ్బాలు. లోకమంతా సెలవు తీసుకున్న రోజునే ఇక్కడ కుండ కింద మంట ఎక్కువసేపు మండుతుంది. పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగి రేకు తీసేవాళ్లు ఒకరు. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడత పెట్టేవాళ్లు ఇంకొకరు. ఈ ఇద్దరిలో ఎవరు ఊరెళ్లినా రెండోవాళ్లకి పని ఆగిపోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక పేరు ఇంకా పెరిగింది. తీరిక మాత్రం పెరగలేదు.

పోనీ, అందరిలాగా శని, ఆదివారాలు చూసుకుని వెళ్లొచ్చేద్దామా అంటే, అదీ కుదరదు. వాడపల్లి వెంకన్న ఈ మండలంలోనే ఉన్నాడు. ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఏడు ప్రదక్షిణలు చేసి తిరిగెళ్తూ రోడ్డుపక్క పూతరేకుల దుకాణం ముందు బండి ఆపుతారు. శనివారం దుకాణం మూయడమంటే వారం మొత్తాన్నీ మూసుకున్నట్టే. కాబట్టి ఈ ఊళ్లో సెలవంటూ దొరికితే మంగళ, బుధవారాల్లోనే దొరకాలి.

ఇది కష్టంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అదృష్టం. రామోజీ ఫిల్మ్‌సిటీ అయినా, వండర్‌లా అయినా, ప్రపంచంలో ఇంకే వినోదాల ఊరైనా వారం మధ్యలోనే ఖాళీగా ఉంటుంది. హైదరాబాద్ ఉద్యోగి తనకున్న రెండు రోజుల సెలవులో వెళ్లి, బారులో నిలబడి, చెమట తుడుచుకుని వస్తాడు. ఆత్రేయపురం దుకాణదారుడు మంగళవారం వెళ్లి అదే వింతను సగంసేపే బారులో నిలబడి చూసి రావచ్చు. టికెట్ రేట్లు కూడా రోజుని బట్టి మారే చోట వారం మధ్యలో తక్కువే ఉంటాయి.

“మంగళవారం ప్రయాణమేమిట్రా?” అని మామ్మ అడ్డం పడుతుంది. పడనివ్వండి. ఆవిడ శాస్త్రమే మనకు సాయం వస్తుంది. పడమటి దిక్కుకి వారశూల శుక్ర, ఆదివారాలు. హైదరాబాద్ మనకు పడమరే. అంటే వారాంతపు ప్రయాణం పంచాంగానికే గిట్టదు. సోమవారం రాత్రి గుమ్మం దాటితే మంగళవారం బయల్దేరిన దోషమూ ఉండదు, తెల్లారేసరికి అక్కడుంటాం.

ఏ నెల?

ముహూర్తాలు లేని రోజులు వెతకాలి. ఆషాఢం బాగుంటుందనిపిస్తుంది గానీ గోదావరి జిల్లాల్లో ఆషాఢం సారె అన్నది ఒకటుంది. వియ్యాలవారింటికి బిందెలకొద్దీ మిఠాయిలు పంపితేగాని పరువు నిలవదు. అందులో పూతరేకులు లేకపోతే అది సారే కాదు. దుకాణం సంగతి అలా ఉంచి వ్యవసాయం ఉన్న ఇల్లయితే అప్పుడే నారుమళ్లు, నాట్లు. ఆపైన గోదారికి వరదల రోజులు. లంకలో పశువుల్ని వదిలి బాహుబలి సెట్టు మాహిష్మతి చూద్దాం రమ్మంటే ఏ రైతూ రాడు.

సంక్రాంతి మాట ఎత్తకండి. సంక్రాంతికి హైదరాబాదే ఇటు వచ్చేస్తుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు కార్లు బారులు తీరిన ఫొటో ప్రతి జనవరిలో పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ రోజుల్లో మనం ఎదురెళ్తే వెళ్లేటప్పుడు దారి ఖాళీగా ఉంటుంది, నిజమే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకుని కోనసీమవాడు పొలిమేర దాటడమన్నది మాత్రం జరిగే పని కాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది గానీ అవి బడుల విహారయాత్రల రోజులు. ఒక్కో బస్సులోంచి యాభై మంది పిల్లలు దిగుతుంటే, మన ముగ్గుర్నీ వెతుక్కోవడమే ఓ పని.

నన్నడిగితే భాద్రపదం రెండో సగం, మహాలయ పక్షాలు. శుభకార్యాలు ఉండవు. దసరా ఆర్డర్లు ఇంకా మొదలవవు. నాట్లు అయిపోయి చేను పచ్చగా నిలబడి ఉంటుంది. దక్కన్ రాళ్ల మీద ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది, వాన పడితే ఓ గొడుగు చాలు. పిల్లలకి మూడు రోజులు బడి పోతుంది, పోనివ్వండి. పరీక్షలున్న వారం కాకుండా చూసుకుని, మాస్టారికి ముందే చెప్పి తీసుకెళ్లడంలో తప్పేం లేదు. జ్వరమని అబద్ధం రాయించకండి, పిల్లలు వచ్చీ రాగానే క్లాసులో కట్టప్ప కథ మొదలెడతారు.

బడి పోకూడదనే ఇల్లయితే మరో దారి ఉంది, కాకపోతే ఏటా దొరకదు. 2026 పంచాంగంలో అధిక జ్యేష్ఠం మే 17న మొదలై జూన్ 15తో ముగుస్తుంది. అధికమాసంలో పెళ్లిళ్లుండవు. జూన్ 12 దాకా బడులూ ఉండవు. పెళ్లి ఆర్డర్లు లేని వేసవి సెలవులు ఆత్రేయపురానికి మూడేళ్లకోసారి కూడా దక్కుతాయో లేదో. రోహిణీ కార్తె ఎండ మాత్రం తప్పదు. అప్పుడు ఫిల్మ్‌సిటీ పక్కన పెట్టి నీళ్ల పార్కున్న వండర్‌లాకే ఎక్కువ సమయం ఇవ్వడం తెలివైన పని.

దారి మనవైపే ఉంది

కోనసీమ నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది ఒక విషయం గమనించరు. ఫిల్మ్‌సిటీ హైదరాబాద్‌లో లేదు, హైదరాబాద్‌కి ఇవతల ఉంది. విజయవాడ హైవే మీద సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ దాటి, హయత్‌నగర్, ఎల్బీ నగర్ రాకముందే ఎడమచేతి వైపు దాని దారి. రావులపాలెం దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కి, విజయవాడలో అరవై అయిదో నంబరు హైవేకి మారితే నగరం మొహం చూడకుండానే గేటు ముందు దిగొచ్చు.

రైలెక్కినవాళ్లకి చుట్టు ఎక్కువ. బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజి దాటి రాజమండ్రి వెళ్లి, రాత్రి గోదావరో గౌతమో ఎక్కి, తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి, ఊరంతా దాటుకుని మళ్లీ తూర్పుకి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు రావాలి. వందే భారత్ పగటి బండి, ఓ రోజు దానికే పోతుంది. అయినా మామ్మ నడుముకి బెర్తే నయమనుకుంటే రైలే ఎక్కండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. తేదీ రెండు నెలల ముందే తేల్చుకోమని రైల్వేవాళ్లు కూడా చెబుతున్నారన్నమాట.

ఇంట్లో ఏడుగురనుకుంటే, డ్రైవరు కాక ఏడు సీట్లున్న బండి అద్దెకి మాట్లాడుకోవడం నాకు నచ్చిన పద్ధతి. రాత్రి బస్సు కూడా మంచిదే గానీ అది తెల్లవారకముందే ఫిల్మ్‌సిటీ దారి దాటేస్తుంది. చీకట్లో హైవే పక్కన ముసలివాళ్లతో, పిల్లలతో, బ్యాగులతో దిగి తొమ్మిదింటి దాకా ఏం చేస్తాం? బస్సులో వెళ్లేవాళ్లు ముందే దగ్గర్లో గది చూసుకుని ఉండాలి.

బండి ఉన్నవాళ్లకి ఇంకో లాభముంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే 11వ నంబరు ఎగ్జిట్. రావిర్యాల వండర్‌లాకి దిగేది 13వ ఎగ్జిట్ దగ్గర. మంగళవారం ఫిల్మ్‌సిటీ, బుధవారం వండర్‌లా, మధ్యలో నగరం ట్రాఫిక్ ఊసే లేదు. చార్మినార్, బిర్లామందిర్, గోల్కొండ కూడా కలిపేద్దామని తాతయ్య అంటే, ‘అవి ఇంకోసారి తాతయ్యా’ అని గట్టిగా చెప్పాలి. నాలుగు కలిపిన ప్రయాణంలో ఏదీ సరిగ్గా చూసినట్టుండదు.

లోపల రెండు నడకలు

రామోజీరావు 1996లో ఫిల్మ్‌సిటీ ప్రారంభించారు. కళాదర్శకుడు నితీష్ రాయ్ రూపకల్పన. 1,666 ఎకరాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయమని గిన్నిస్ పుస్తకంలో ఉంది. మన లెక్కలో చెప్పాలంటే ఓ మోస్తరు ఊళ్లూ, వాటి కొబ్బరితోటలూ అన్నీ కలిపి అందులో పడతాయి. నడిచి చూసే చోటు కాదు. సొంత బండి గేటు దగ్గరే ఆపేసి వాళ్ల బస్సులో లోపలికి వెళ్లాలి. తర్వాత ఎర్ర బస్సులో గైడు మాటలు వింటూ సెట్లు చూడాలి. ఒకే భవనం ఒకవైపు నుంచి ఆసుపత్రి, ఇంకోవైపు నుంచి కాలేజీ. లండన్ వీధి దాటితే జైలు. విమానాశ్రయం ఉంది, విమానం ఎగరదు.

రైల్వేస్టేషన్ సెట్టు దగ్గర కోనసీమవాళ్లు ఓ క్షణం ఆగి నవ్వుకోవాలి. బాలయోగి లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో మంజూరైన కోటిపల్లి-నరసాపురం లైను మీద రైలు కోసం అమలాపురం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. రైలు రాని స్టేషన్ చూడ్డానికి నాలుగువందల కిలోమీటర్లు రావాలటండీ, ఆయ్!

ఇక ప్లాను. ఏడుగురికీ కలిపి ఒకే ప్లాను వేస్తే రోజంతా ‘ఎక్కడున్నారు?’ అని ఫోన్లతోనే సరిపోతుంది. పిల్లల నడక వేరు, పెద్దల నడక వేరు. పొద్దున్నే అందరూ కలిసి బస్సు టూరు చేసేయాలి, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే మాహిష్మతి సెట్టు చూసేయాలి. 2015లో బాహుబలి వచ్చాక పుట్టిన పిల్లలు కూడా అక్కడికి రాగానే కత్తి లేకుండానే కత్తి దూస్తారు. భాగవతం సెట్టు దగ్గర మామ్మ చేతులు జోడిస్తుంది. “అది సెట్టే అమ్మా” అని ఎవరూ అనొద్దు, ఆవిడకీ తెలుసు.

మధ్యాహ్నం విడిపోవాలి. పిల్లలు, వాళ్లతో పరుగెత్తగల ఒకరు పిల్లల ఆటల చోటైన ఫండుస్తాన్‌కి, స్టంట్ షోకి. పెద్దవాళ్లు పక్షుల పార్కుకి, సీతాకోకచిలుకల తోటకి, లేదంటే నీడలో కుర్చీల్లోకి. ఎక్కడ, ఎన్నింటికి మళ్లీ కలవాలో నోటితో కాకుండా ఓ కాగితం మీద రాసి తాతయ్య జేబులో పెట్టాలి. పిల్లల జేబుల్లో తండ్రి ఫోన్ నంబరు రాసిన చీటీ. నంబరు నోటికి వచ్చినా పిల్లాడికి ఏడుపులో అది గుర్తుకు రాదు.

చెప్పుల సంగతొకటి. కొత్త చెప్పులు వద్దు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో మొదటి డిస్నీల్యాండ్ తెరిచిన రోజున ఎండకి కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ల మడమలు అందులో దిగబడ్డాయట. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు కూడా చాలలేదు. వాల్ట్ డిస్నీ అంతటివాడికే తప్పలేదు. మన ప్రయాణానికి అరిగిన చెప్పులు, నీళ్ల సీసాలు మనమే చూసుకోవాలి.

వండర్‌లా తీరు వేరు. అక్కడ చూసేది తక్కువ, ఎక్కేది ఎక్కువ. వి-గార్డ్ స్థాపించిన కొచ్చౌసెఫ్ చిట్టిలపిల్లి 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ పేరుతో మొదలుపెట్టి, 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్ వచ్చారు. అక్కడ వయసు కన్నా ఎత్తు ముఖ్యం. టికెట్టు కూడా ఎత్తు కొలిచే ఇస్తారు. పెద్ద రైడ్ల దగ్గర గీతకి అందని పిల్లాడిని ఎంత బతిమాలినా ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. అందుకే బయల్దేరే ముందు ఇంట్లోనే గుమ్మానికి ఆనించి పెన్సిలుతో ఎత్తు గీసి, ఏది ఎక్కొచ్చో ఏది ఎక్కకూడదో పిల్లాడికి ముందే చెప్పేయాలి. గేటు దగ్గర తెలిస్తే ఆ ఏడుపు సాయంత్రం దాకా ఆగదు. అక్క ముందుకూ వెనక్కూ విసిరేసే రీకాయిల్ ఎక్కుతుంటే తమ్ముడు కింద ఐస్‌క్రీమ్ తింటాడన్న ఒప్పందం ఆత్రేయపురంలోనే కుదరాలి.

నీళ్లలోకి దిగాలంటే నైలాన్ లాంటి సింథటిక్ దుస్తులే. నూలు చీర, లుంగీ, జీన్సు పనికిరావు. అక్కడ కొనుక్కోవాల్సి వస్తే ఖర్చే కాబట్టి రావులపాలెంలోనో రాజమండ్రిలోనో తీసుకోవడం మంచిది. అత్తగారు నీళ్లలోకి దిగనంటే బలవంతపెట్టకండి. బ్యాగుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా.

పులిహోర ఎక్కడ తినాలి?

డబ్బు ఎక్కడ పోతుందో ముందే తెలిస్తే బెంగ ఉండదు. టికెట్టు, బండి అద్దె, గది. ఈ మూడూ ఇంటి దగ్గరే తేలిపోతాయి, ముందుగా ఆన్‌లైన్‌లో తేదీ పెట్టి చూసుకోవచ్చు. చెయ్యి జారేది లోపల. తిండి, బొమ్మలు, ఫొటోలు. బయటి తిండి లోపలికి రానివ్వరు, కాబట్టి మామ్మ బయల్దేరే ముందు కలిపిన పులిహోరకి దారిలోనే న్యాయం చెయ్యాలి. నకిరేకల్ దాటాక ఎక్కడో నీడన ఆపి కడుపునిండా తినేసి లోపలికి వెళ్తే, అక్కడ మధ్యాహ్నం ఒక్క పూట భోజనంతో సరిపోతుంది. మందులు వేసుకునేవాళ్లూ, చంటిపిల్లలూ ఉంటే ఏం తీసుకెళ్లొచ్చో ముందురోజే ఫోన్‌చేసి అడగండి.

పిల్లలకి బొమ్మల డబ్బు ఎవరిది వాళ్లకే ముందే చేతికిచ్చేయడం నాకు తెలిసిన మంచి ఉపాయం. తండ్రి జేబులోంచి వచ్చే డబ్బుకి అంతుండదు గానీ తన చేతిలో నోటు ఖర్చుపెట్టాలంటే ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా పదిసార్లు ఆలోచిస్తాడు.

లోపలే బస చెయ్యాలా వద్దా అన్నది తర్జనభర్జన పడాల్సిన విషయమే. ఫిల్మ్‌సిటీలో సితార, తార లాంటి హోటళ్లూ, కాస్త తక్కువలో శాంతినికేతన్, సహారా వంటి బసలూ ఉన్నాయి. రెండో రోజు కూడా అక్కడే గడిపితే లోపల ఉండటం దండగ కాదు. మర్నాడు వండర్‌లా అనుకుంటే బయట హైవే మీద మామూలు గది చాలు. సామాన్లు మోసే ఓపిక, మామ్మ మోకాళ్లు చూసుకుని నిర్ణయించుకోండి. మా ఇళ్లలో ఈ నిర్ణయం ఎప్పుడూ మోకాళ్లే తీసుకుంటాయి.

ఒర్లాండో వెళ్లిన వియ్యపురాలు

ఈ ఊళ్లో ఫిల్మ్‌సిటీ చూడకుండానే డిస్నీ వరల్డ్ చూసొచ్చిన పెద్దవాళ్లు కూడా ఉండొచ్చు. కొడుకో కూతురో అమెరికాలో ఉంటే ఆరు నెలల వీసా మీద వెళ్లిన అమ్మానాన్నల్ని నయాగరాకి, ఒర్లాండోకి తిప్పి చూపించడం మన సంప్రదాయంలో చేరిపోయింది. 1971లో తెరిచిన ఆ డిస్నీ వరల్డ్ 25 వేల ఎకరాల పైమాటే. ఒకటి కాదు, నాలుగు పార్కులు. అక్కడి ప్లాను వేరే శాస్త్రం. నెలల ముందే హోటలు, ఏ రోజు ఏ పార్కు, ఏ గంటకి ఏ రైడు అని ఫోన్‌లో వేళ్లు అరగదీసుకోవాలి. పొద్దున్నే గేటు దగ్గరుంటే రెండు గంటల్లో అయ్యేది మధ్యాహ్నం వెళ్తే రోజంతా పట్టొచ్చు. ఫిల్మ్‌సిటీలో బస్సు ఎక్కి కూర్చుంటే చాలావరకు వాళ్లే చూపిస్తారు. ఆ సుఖం అక్కడ లేదు.

ఒక్కటి మాత్రం అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది. పెద్ద రైడు ఎక్కలేని చిన్నపిల్లతో వచ్చిన తల్లిదండ్రుల్లో ఒకరు ఎక్కి దిగేదాకా రెండోవారు పాపతో బయటుంటారు. తర్వాత ఆ రెండోవారు మళ్లీ బారు మొత్తం నిలబడకుండానే ఎక్కొచ్చు. డిస్నీలో దానికి పద్ధతి ప్రకారం ఏర్పాటుంది. రావిర్యాలలో అది లేకపోయినా మంగళ, బుధవారాల్లో బారు పొట్టిగానే ఉంటుంది కాబట్టి ఆలుమగలు వంతులేసుకోవచ్చు. ఎప్పుడూ పిల్లని ఎత్తుకుని కింద నిలబడేది తల్లే కావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

ఇక తిరుగు ప్రయాణం. బుధవారం సాయంత్రం వండర్‌లా మూసేదాకా ఉండి, తడి జుట్లతో బండెక్కి, రాత్రికి రాత్రే ఇంటికొచ్చేద్దామని మగాళ్లకి అనిపిస్తుంది. వద్దు. రోజంతా ఎండలో తిరిగిన మనిషి రాత్రి పూట ఆ హైవే మీద నాలుగువందల కిలోమీటర్లు నడపడం ప్రమాదం. అద్దె డ్రైవరైనా అంతే, అతనూ పార్కింగులో ఎండకి మాడిపోయి ఉంటాడు. అతనికి రాత్రి పడుకునే చోటు, భోజనం డబ్బులు ముందే మాట్లాడుకోండి. బుధవారం రాత్రి చౌటుప్పల్ వైపో సూర్యాపేటలోనో గది తీసుకుని, గురువారం పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే మధ్యాహ్నానికి రావులపాలెం. తూర్పు దిక్కుకి గురువారం వారశూల కూడా లేదు. శుక్రవారం రేకు తీసే మనిషికి, చుట్టే మనిషికి కబురు పెట్టి, బియ్యం నానబోసుకోవాలి. శనివారం వాడపల్లి జనం ఎలాగూ వస్తారు.